చెంచాలో యాభయ్యో వంతు

1994లో అమెరికాలో లెనార్డ్ ఏడిల్‌మన్ అనే ప్రొఫెసరుగారు దారి వెతకడానికి మ్యాపూ తియ్యలేదు, కంప్యూటరూ తియ్యలేదు. పరీక్షనాళికలో చెంచాలో యాభయ్యో వంతు ద్రవం పోసుక్కూచున్నారు. ఏడు ఊళ్ళు. ఫలానా ఊళ్ళో బయల్దేరి, అన్నీ ఒక్కొక్కసారే చూసుకుని, ఫలానా ఊళ్ళో తేలాలి. అదీ లెక్క.

ఒక్కో ఊరికి ఒక డి.ఎన్.ఏ. ముక్క, ఒక్కో రోడ్డుకి ఇంకో ముక్క. రోడ్డు ముక్కలో సగం బయల్దేరే ఊరికీ, సగం చేరే ఊరికీ అతుక్కుంటుంది, మన జాకెట్టు హుక్కూ కాజాలాగ. అన్నీ కలిపేసరికి వాటంతటవే తగులుకుని కోట్లకొద్దీ దారులు తయారయ్యాయిట, క్షణంలో! అసలు చాకిరీ ఆ తరవాత. తప్పు ఊళ్ళో మొదలైనవీ, ఒక ఊరు ఎగ్గొట్టినవీ చేటలో చెరిగినట్టు చెరుగుతూ పోతే చివరికి మిగిలిందే జవాబు. ఏడు రోజులు చెరిగారు. (బియ్యంలో రాళ్ళు ఏరితే మన గురించి ఏ పత్రికా రాయదు లెండి!)

ఇదంతా నాకెందుకంటారా? మా సీతమ్మధారలో మనవరాలు ఎక్కే స్కూలు వ్యానుదీ ఈ గోత్రం లెక్కే. తొమ్మిదిమంది పిల్లల్ని ఎక్కించుకోవడానికి 3,62,880 వరసలున్నాయి. ఊళ్ళు పెరిగితే డి.ఎన్.ఏ.కీ కష్టమే. 200 ఊళ్ళకి ఆ పద్ధతిలో కావలసిన సరుకు భూమికన్నా బరువవుతుందని 1995లో హార్ట్‌మానిస్ అనే ఆయన లెక్క కట్టారు.

బరువు మాట అలా ఉంచండి. అతి దగ్గర దారి దొరికిందే అనుకుందాం. మొదట ఎక్కే పిల్ల ఎవరు? మాదే! ఆరింటికి లేపి, నిద్రకళ్ళతోనే నోట్లో ఇడ్లీ కుక్కి పంపితే, అక్కయ్యపాలెం, దొండపర్తి అన్నీ చుట్టి గంటకి బడి చేరుతుంది. చివరెక్కే పిల్లకి పదిహేను నిమిషాలే. "మనల్ని చివర పెట్టమని చెప్పమ్మా, నువ్వు చెప్తే వింటాడు" అని మా అమ్మాయి ఒకటే పోరు. మనం చివరికి జరిగితే మొదటికి వచ్చేదీ ఎవరో ఒక తల్లి కన్నపిల్లే కదా! కిలోమీటర్లు లెక్కపెట్టే పరీక్షనాళికకి పిల్లల నిద్ర ఎలా తెలుస్తుంది?

ఉండబట్టలేక డ్రైవరునే అడిగాను.

"పొద్దున్న ముందెక్కినోళ్ళు సాయంత్రం ముందు దిగిపోవాల కదమ్మా" అన్నాడు, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

సాయంత్రం అతను వరస తిరగెయ్యడు. పొద్దుటి వరసలోనే ఇళ్ళు తిరుగుతాడు. చుట్టు ఎటునుంచి తిరిగినా దూరం అదే, ఖర్చయ్యే డీజిలూ అదే. మా పిల్ల మాత్రం సాయంత్రం అందరికన్నా ముందు ఇంట్లో ఉంటుంది. వచ్చీ రాగానే సోఫాలో పడి నిద్రపోతుంది, బూట్లతోనే.