ఇటు పని, అటు సంతకం

రియాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో, మహిళా క్యాంపస్‌లో ఇంగ్లిష్ చెప్పడానికి వెళ్లాను. కొంతకాలానికి ఫస్టియర్ కోర్సు బాధ్యత కూడా నాకే అప్పజెప్పారు. విభాగాధిపతి ఉండేది మగవాళ్ల క్యాంపస్‌లో. మావైపు ఆయనకొక ఉపాధ్యక్షురాలు, ఆవిడ మీద వైస్ డీన్, ఇద్దరూ సౌదీ మహిళలే. గేటు కాపలా మొదలు లైబ్రరీ దాకా అందరం ఆడవాళ్లమే. ఏసీ చెడితే మెకానిక్ వచ్చేది అమ్మాయిలంతా ఇళ్లకు వెళ్లాకే.

నేను కోఠీ ఉమెన్స్ కాలేజీలో చదువుకున్నాను. అక్కడ ప్రిన్సిపాల్ మేడమ్ సంతకం పడిందంటే పనైపోయినట్టే. రియాద్‌లో టైమ్‌టేబుల్ మాది, పరీక్షలు మావి, ఆఖరి సంతకం మాత్రం అటువైపుది.

కౌన్సిల్ మీటింగైతే మరీ చిత్రం. బల్ల మధ్యన స్పీకర్ ఫోను, దాని అవతల మగవాళ్ల క్యాంపస్. చెయ్యెత్తితే అటు ఎవరికి కనబడుతుంది? గొంతుల మధ్య ఖాళీ దొరికినప్పుడే మాట దూర్చాలి. మా ఉపాధ్యక్షురాలు అక్కడ వాదన పెట్టుకునేవారు కాదు. ముందే ఒక్కొక్కరికీ ఫోను చేసి, ఎవరికే అభ్యంతరం ఉందో రాబట్టి, తీర్మానం కాగితం తానే టైపు చేయించి పంపేవారు. ఇక మీటింగులో అటువాళ్లు 'సరే' అనడమే తరువాయి. కొత్తలో ఇది లొంగుబాటనుకున్న మాట నిజమే. ఎవరి కాంట్రాక్టు పొడిగించాలో, ఏ సెక్షను ఎవరికివ్వాలో నిజానికి తేల్చేది ఆవిడే అని తర్వాత్తర్వాత తెలిసింది. అలాగని ఆవిడ అధికారాన్ని పెంచి చెప్పను. 2018 జూన్ దాకా ఆ దేశంలో ఆడవాళ్లు కారు నడపడానికి వీల్లేదు. డ్రైవరు రాకపోతే వైస్ డీన్ అయినా వరండాలో కాచుక్కూర్చోవాల్సిందే.

మా సౌదీ సహోద్యోగుల చూపంతా అదే ఊళ్లోని నూరా విశ్వవిద్యాలయం మీద. 1970 నుంచి మొదలైన ఆడపిల్లల కళాశాలలతో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయానికి 2008లో యువరాణి నూరా పేరు పెట్టారు, 2011లో కొత్త క్యాంపస్ తెరిచారు. అక్కడ అధ్యక్ష పదవిలోనే మహిళ.

అందరూ కలిసి చదివే చోట ఇంతమంది ఆడవాళ్లకు ఈ పదవులు దక్కేవా అని టీ తాగుతూ వాదించుకునేవాళ్లం. దక్కేవి కావనే నా అభిప్రాయం. విభాగాధిపతి కుర్చీ దక్కనివ్వనిది కూడా ఆ వేరువేరు క్యాంపస్‌ల ఏర్పాటే.

నేను తిరిగొచ్చేనాటికి రెండు క్యాంపస్‌ల ఉమ్మడి ప్రశ్నపత్రం మావైపే తయారవుతోంది. అటునుంచి సవరణలు సీలు వేసిన కవర్లో వచ్చేవి. చాలాసార్లు అవి కామాల దగ్గరే ఆగిపోయేవి.