పూరీలో చందనయాత్ర

పూరీ అనగానే మనకు రథయాత్రే గుర్తొస్తుంది. వేసవి రాత్రుల చందనయాత్ర కూడా కుటుంబంతో చూడదగిన వేడుక. సింహాచలంలో అప్పన్న చందనం ఒలిచి నిజరూప దర్శనమిచ్చే అక్షయ తృతీయనాడే ఇక్కడ జగన్నాథునికి చందనసేవ మొదలవుతుంది. 42 రోజుల ఉత్సవంలో మొదటి 21 రోజులూ స్వామి ప్రతినిధిగా మదనమోహనుడు నరేంద్ర పుష్కరిణికి వేంచేసి పడవలో విహరిస్తాడు. ఎండకు మనలాగే దేవుడికీ ఉక్కపోస్తుందన్న భావన ఎంత ఆత్మీయం! పగలు సముద్రం, పొద్దుగూకాక కొలనుగట్టు; పిల్లలకు అంతకన్న ఏం కావాలి?

ఒక్క జాగ్రత్త. 2024 మే 29 రాత్రి ఈ గట్టుమీదే బాణసంచా పేలి పలువురు మరణించారు. టపాసులకు దూరంగా, పిల్లల చేయి వదలకుండా నిలబడండి. దీపాల పడవ నీళ్ళలో కదలడం దూరంనుంచే ఇంకా బాగుంటుంది.