మా వాదన ఇంకా తెగలేదు

మా తండాలో బ్యాండు అంటే పెళ్లి బ్యాండే. 2012 సంక్రాంతికి బెంగళూరు నుంచి ఇంటికొచ్చి, మేం నలుగురం వేపచెట్టు కింద ఒక బ్యాండు గురించి గొంతులు పెంచి కొట్లాడుకుంటుంటే, దారిన పోయే పెద్దాయన ఆగి, "ఎవరి పెండ్లిరా? అడ్వాన్సు ఎంతిచ్చినారు?" అని అడిగాడు. పెళ్లి కాదు తాతా, అమెరికా వాళ్ల బ్యాండు, పేరు మెటాలికా అన్నాం. "అమెరికా నుంచి పిలిపిస్తే చానా అవుతుంది కదప్పా" అని తల ఊపుకుంటూ పోయాడు. ఆ మాటకు ఇప్పటికీ నవ్వుకుంటాం. కానీ ఆ పండక్కి మొదలైన వాదన మమ్మల్ని ఎక్కడికి తీసుకుపోయిందో చెప్పాలని ఇది రాస్తున్నాం.

మాది రామగిరి మండలం. కొండల మీద గాలిమరలు తిరుగుతుంటాయి, కింద మా సుగాలి తండా. మాలో ఒకరి నాయన రామగిరి బంగారు గనిలో పనిచేశాడు. గని మూతపడ్డాక ఆయనకూ మిగతా వాళ్లకూ శనక్కాయ చేనే దిక్కయింది. వాన పడితే పంట, లేకుంటే వలస. మా వంతు వచ్చేసరికి ధర్మవరంలో రైలెక్కి, పెనుకొండ, హిందూపురం దాటి యలహంకలో దిగిపోవడం మామూలైంది. ఒకడు ఐటీఐ చదివిన ఎలక్ట్రీషియన్, ఒకడు సెంట్రింగ్ పని, ఒకడు హోటల్లో, ఇంకొకడు డిగ్రీ మధ్యలో మానేసి కొరియర్ డెలివరీ. నలుగురికీ కలిపి ఒకే గది.

2011 అక్టోబరులో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఏదో పెద్ద కచేరీకి ఇనుప కంచెలు నిలబెట్టే పని ఉందని ఒక మేస్త్రీ పిలిస్తే, నలుగురం పోయాం. ఎవరి కచేరీ అన్నది మాకు పట్టలేదు, కూలి బాగుంది. 30వ తేదీ ఆదివారం. అంతకు రెండు రోజుల ముందు ఢిల్లీ పక్కన గుర్‌గావ్‌లో జరగాల్సిన వాళ్ల కచేరీ ఆగిపోయిందని, జనం కోపంతో వేదిక మీద పడ్డారని పనివాళ్లు చెప్పుకుంటున్నారు. అందుకని కంచెలు గట్టిగా బిగించమన్నారు. బిగించాం. రాత్రి కచేరీ మొదలైనప్పుడు మేం కంచెకు అవతల, సామాన్ల లారీ పక్కన నిలబడి ఉన్నాం. మనుషులు కనబడలేదు, మోత మాత్రం వచ్చింది. సేవాలాల్ జయంతికి గుత్తి దగ్గర సేవాగఢ్‌లో భజన జరిగేటప్పుడు నగారా పక్కన నిలబడితే రొమ్ములో దెబ్బ పడ్డట్టు ఉంటుంది చూడండి, అలా ఉంది. మాటలు అర్థం కాలేదు. అర్థం కాలేదన్న బాధ కూడా కలగలేదు.

వారం తిరక్కుండా యలహంకలో ఒక మొబైల్ అంగడివాడితో వాళ్ల పాటలన్నీ మెమరీ కార్డులోకి ఎక్కించుకున్నాం. ఆల్బం అంటే ఏమిటో అప్పుడే తెలిసింది. అంతవరకు మాకు పాట అంటే సినిమాలో పాటే. ఇక్కడ ఎనిమిదో తొమ్మిదో పాటలు ఒక వరుసలో, ఒక కాలంలో, ఒక మనసుతో చేసినవి ఒక మూటగా వస్తాయి. 1983 నుంచి అప్పటికి తొమ్మిది మూటలు. ఇన్ని ఉన్నాక ఏది మేలు, ఏది తక్కువ అన్న మాట రాక మానదు కదా.

ఎలక్ట్రీషియన్ మొదటి నుంచీ 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' పక్షం. 1986లో వచ్చింది. ఎనిమిది పాటలు, ఒక్కటి తీసేయడానికి లేదంటాడు. మెత్తగా గిటారుతో మొదలై ఒక్కసారిగా విరుచుకుపడే మొదటి పాట చాలు వాడికి. అది వచ్చిన ఏడాదే సెప్టెంబరులో, స్వీడన్‌లో వాళ్ల బస్సు బోల్తాపడి, బేస్ గిటారు వాయించే క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. అప్పటికి అతనికి 24 ఏళ్లు. "మనిషి పోయాడని మెచ్చుకోవడం లేదు, వినండి" అని పెద్ద సౌండు పెట్టేవాడు. తర్వాత 2016లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తమ జాతి దాచుకోవలసిన రికార్డుల జాబితాలో ఈ ఆల్బంను చేర్చింది. మెటల్ సంగీతంలో ఆ జాబితాకెక్కిన మొదటిది అదే. ఆ రోజు వాడు మా అందరికీ బిర్యానీ తినిపించాడు.

హోటల్లో పనిచేసేవాడు ఒప్పుకోడు. వాడిది 1991 నాటి నల్ల అట్ట ఆల్బం. వేగం తగ్గించి, పాటలు పొట్టివి చేసి, అందరికీ అందేలా చేసినది. అమెరికాలోనే కోటిన్నరకు పైగా అమ్ముడుపోయింది. పాత అభిమానులు దాన్ని అమ్ముడుపోవడం అన్నారు. "అందరికీ ఎక్కేలా వండటం తప్పా? నువ్వొక రోజు మా వంటింట్లోకి రా, తెలుస్తుంది" అని వీడి జవాబు.

సెంట్రింగ్ పనివాడిది విచిత్రమైన పక్షం. 1988లో వచ్చిన '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్' వాడికి ప్రాణం. కానీ అందులో ఒక పెద్ద లోపం ఉంది, అదీ వాడే చెప్తాడు. చనిపోయినవాడి చోట జేసన్ న్యూస్టెడ్ అనే కొత్తవాడు వచ్చి బేస్ వాయించాడు. బేస్ అంటే ఇంటికి పునాది లాంటి మోత. చివరికి పాటలన్నీ కలిపి సరిచేసేటప్పుడు ఆ బేస్‌ను ఎంత తగ్గించారంటే దాదాపు వినబడదు. పని చేసినవాడు చేశాడు, పేరు అట్ట మీద ఉంది, మోత మాత్రం లేదు. "నేను పోసిన పిల్లర్ల మీద ఎన్ని అపార్ట్‌మెంట్లు లేచినాయి, వాటిలో నేను కనబడతానా?" అని వాడు నవ్వుతూనే అన్నాడు. మేం నవ్వలేదు.

ఏది తక్కువ అన్న విషయంలో మాత్రం మాకు పెద్దగా తేడా లేదు. మేం కంచెలు బిగించిన ఆ కచేరీ అయిన రెండు రోజుల్లోపే లూ రీడ్ అనే పెద్ద గాయకుడితో కలిసి 'లులు' అని ఒకటి తెచ్చారు. దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. సొంత ఆల్బంలలో అందరూ తిట్టేది 2003 నాటి 'సెయింట్ యాంగర్'. బ్యాండులో గొడవలు, ఒకరు వెళ్లిపోవడం, పాడేవాడు తాగుడు మాన్పించే చికిత్సకు పోవడం, వీటన్నిటి మధ్య చేసినది. గిటారు సోలోలు లేవు. పైగా డ్రమ్ము. చిన్న డ్రమ్ముకు అడుగున సన్నటి తీగలు ఆనించి ఉంటాయి, వాటి వల్లే దెబ్బ పొడిగా, బిగువుగా వస్తుంది. ఆ తీగలు వదులు చేసి వాయించాడు. ఖాళీ రేకు డబ్బా మీద కొట్టినట్టు ఖణేల్ ఖణేల్‌మంటుంది, గంటా పావు సేపు.

ఈ గొడవ గదిలో జరిగేటప్పుడు పక్క గదిలో ఉండే చదువుకున్న అబ్బాయి ఒకసారి తొంగి చూసి, "మీరు ఇది వింటారా? మీకు అద్దాల బట్టలు, డాన్సులు ఉంటాయి కదా" అన్నాడు. తప్పుగా అనాలని అనలేదు. కానీ మాకు బడి గుర్తొచ్చింది. వార్షికోత్సవానికి మా ఇళ్లలోంచి అద్దాల లంగాలు తెప్పించి, మా ఆడపిల్లలకు తొడిగి, సినిమా పాటకు ఆడించేవాళ్లు. మీ పాట ఏదైనా ఉందా అని అడిగినవాళ్లు లేరు. మేమూ ఉందని చెప్పలేదు. ఇంట్లో పెద్దవాళ్లు పాడేవన్నీ మాకు ఒకటే రాగంగా వినబడేవి.

మళ్లీ ఆ సంక్రాంతికి వస్తాను. వేపచెట్టు కింద చిన్న స్పీకరు పెట్టి, ఎంత చెత్తగా ఉందో వినండి అని 'సెయింట్ యాంగర్' వేశాం. మాలో ఒకరి నాయనమ్మ, మేమందరం దాదీ అని పిలిచే ఆమె, అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. కాసేపు విని మా భాషలో అంది, "ఆ థాళీ కొట్టేవాడు బాగానే కొడుతున్నాడు. పాడేవాడికే తొందర."

మేం నోళ్లు తెరిచాం. థాళీ అంటే మా భజనల్లో నగారాతో పాటు మోగించే కంచు పళ్లెం. ప్రపంచమంతా రేకు డబ్బా అని తిట్టిన మోత ఆమె చెవికి ఇంటి మోత. అది థాళీ కాదు దాదీ, డ్రమ్ము చెడిపోయింది అన్నాం. "చెడిపోలేదు. కోపంగా ఉన్నవాడు పళ్లెమే కొడతాడు, వీణ వాయిస్తాడా?" అంది. తర్వాత మేం ఎందుకు కొట్లాడుకుంటున్నామో అడిగింది. ఏ మూట మేలు, ఏ మూట తక్కువ అని, చెప్పాం. "ఓ, అదా" అని నవ్వింది. "మేం ఢావ్లోలకు ఆడేవాళ్లం ఆ గొడవ."

ఢావ్లో అంటే మా పెళ్లిలో పెళ్లికూతురు అత్తగారింటికి పోయే ముందు తల్లినీ, తండ్రినీ, అన్ననూ, స్నేహితురాళ్లనూ ఒక్కొక్కరినే కౌగిలించుకుని పాడే శోకం. దాన్ని పెద్ద ఆడవాళ్లు ముందే నేర్పుతారు. మా తండాలో నేర్పేది దాదీనే. అది మాకు తెలుసు. తెలియనిదేమంటే, పెళ్లయ్యాక నెలల తరబడి ఆడవాళ్లు చేనుల్లో కలుపు తీస్తూ ఎవరి ఢావ్లో నిలబడింది, ఎవరిది జారిపోయింది అని వాదించుకునేవాళ్లని. దాదీ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. ఫలానా ఆమెకు గొంతు పెద్దది, కానీ నాయన దగ్గరికి వచ్చినప్పుడు ఊపిరి ఎక్కడ ఆపాలో తెలియదు. ఇంకొకామెకు గొంతు లేదు, కానీ ఆమె పాడితే పెళ్లికొడుకు తరఫు వాళ్లు కూడా తల తిప్పుకున్నారు. "ఈ కాలం పిల్లలు రెండు మాటలని ఏడ్చేస్తారు. ఏడుపు వేరు, ఢావ్లో వేరు."

మరి అన్నిటికంటే తక్కువది ఎవరిది అని ఎవరో అడిగాం. "నాదే" అంది దాదీ. "నాకు అప్పుడు పన్నెండేళ్లు. ఎందుకు పాడుతున్నానో తెలియలేదు. నేర్పిన మాటలు అప్పజెప్పినాను. నాకు అర్థమైంది నా బిడ్డ పెండ్లిలో."

ఆ రాత్రి మేం స్పీకరు మళ్లీ పెట్టలేదు. మా కార్డులో మెటాలికా గంటల కొద్దీ ఉంది. దాదీ గొంతు ఒక్క నిమిషం లేదు. పాడు దాదీ, రికార్డు చేసుకుంటాం అంటే ఒప్పుకోలేదు. పిల్ల పోకుండా ఢావ్లో పాడితే ఇంటికి మంచిది కాదంది. పెళ్లి వచ్చేదాకా ఆగాం.

2014 ఎండాకాలంలో మాలో ఒకరి చెల్లెలి పెళ్లి. పెళ్లికూతురు గొంతు కలపలేక ఆగిపోయిన చోటల్లా దాదీ అందుకుని పాడింది. నాలుగు ఢావ్లోలు: తల్లికి, తండ్రికి, అన్నకు, స్నేహితురాళ్లకు. ఫోనులో పదకొండు నిమిషాలు పట్టుకున్నాం. కానీ పందిరి బయట డీజే మోగుతోంది. ఆ డీజే పెట్టించింది ఎవరో కాదు, మేమే. పెళ్లి గొప్పగా ఉండాలని నలుగురం చందా వేసుకుని పెద్ద బాక్సులు తెప్పించాం. ఆపమని చెప్పడానికి ఒకడు పరుగెత్తి, జనంలోంచి దారి చేసుకుని పోయేసరికి మూడో పాట అయిపోయింది. మరుసటి ఏడాది వానాకాలంలో దాదీ పోయింది.

ఇప్పుడు మా దగ్గర ఉన్నది ఆ పదకొండు నిమిషాలే. చెవులకు బిగించుకుని వింటే బాక్సుల దడదడ కింద దాదీ గొంతు ఉంటుంది. ఉందని తెలిసినవాడికే వినబడుతుంది. సెంట్రింగ్ పనివాడు మొదటిసారి విన్నప్పుడు, "ఇది మన జస్టిస్ ఆల్బం" అన్నాడు. ఆ ఆల్బంలో అణగిపోయిన బేస్‌ను పైకి తెచ్చి, సొంతంగా మళ్లీ కలిపిన అభిమానులు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. వాళ్లను చూసి మా ఎలక్ట్రీషియన్ కూడా కంప్యూటరులో డీజే మోతను తగ్గించడానికి ఎన్ని రాత్రులు కూర్చున్నాడో. కొంత తగ్గింది. దాంతోపాటు దాదీ గొంతులో కొంత పోయింది. అందుకని రెండు రకాలూ దాచుకున్నాం.

మేం వాదించుకోవడం మాత్రం మానలేదు. ఇప్పుడు ఆ నాలుగు పాటల మీద. హోటల్ వాడు తల్లికి పాడినదే మేలంటాడు. ఎలక్ట్రీషియన్ తండ్రిది అంటాడు, దాదీ చెప్పిన ఊపిరి ఆపే చోటు అందులో ఉంది కాబట్టి. అన్నకు పాడిన మూడోది అన్నిటికంటే తక్కువని ముగ్గురం అన్నాం, గొంతు పగిలిందని. కొరియర్ వాడు ఒప్పుకోడు. డీజే మీదుగా వినబడాలని ఆమె గొంతు పెంచింది, అందుకే పగిలింది, అది పాట తప్పా మన తప్పా అని అడుగుతాడు. దానికి మా దగ్గర జవాబు లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఏ బ్యాండునైనా వినండి, ఏ హీరో పాటల మీదైనా కొట్లాడుకోండి. తక్కువని అనాలంటే ముందు పూర్తిగా వినాలి, రెండోసారి వినాలి, ఎందుకో చెప్పగలగాలి. ఆ చెవి మాకు మెటాలికాతో వచ్చింది. అదే చెవి మా ఆడవాళ్లకు ఎప్పటి నుంచో ఉందని ఆలస్యంగా తెలిసింది. టీచర్లకు ఒక్క మాట. తండా పిల్లలను మీ పాట ఒకటి పాడండి అని అడిగితే సిగ్గుపడి తల వంచుకుంటారు. ఈ పాట మీ అవ్వ బాగా పాడుతుందా, పక్కింటి అవ్వ బాగా పాడుతుందా, ఎందుకు అని అడిగి చూడండి. క్లాసులో గోల లేస్తుంది. ఆ గోలను ఆపకండి. వీలైతే ఆ అవ్వలిద్దరి దగ్గరికీ ఒక ఫోను తీసుకుని పోండి, చుట్టూ డీజే లేని రోజు చూసుకుని.

రామగిరి వైపు వస్తే మా తండాకు రండి. ఆదివారం సాయంత్రం వేపచెట్టు కిందే ఉంటాం. మూడో పాట మీకూ వినిపిస్తాం. ఏమంటారో చెప్పండి.