కరెంటు పెట్టే డాక్టరు

మా ఆదోని, ఎమ్మిగనూరు పక్క ఫిజియోథెరపీ అన్న మాట ఇంకా నాలుకలకు అలవాటు కాలేదు. ‘కరెంటు పెట్టే డాక్టరు’ అంటారు. నడుము పట్టేసినా, మెడ తిరగకపోయినా, మోకాలు వాచినా ‘రెండు రోజులు పోయి కరెంటు పెట్టిచ్చుకో, సరిపోతాది’ అనేదే సలహా. ఆ కరెంటుకు ఐఎఫ్‌టీ అని పేరుంది. రెండు జతల తీగల్లో 4000 హెర్ట్జ్ దగ్గర ఒకటి, 4100 దగ్గర ఇంకొకటి పంపిస్తే, అవి ఒంట్లో కలిసినచోట ఆ రెండింటి తేడా, అంటే 100 హెర్ట్జ్, పుడుతుంది. ఇంజనీరింగ్‌లో బీట్ ఫ్రీక్వెన్సీ అని పరీక్ష కోసం బట్టీ పట్టిన సంగతి ఆదోనిలో ఒక ముసలామె మోకాలి మీద కనిపిస్తే నాకు భలే సంతోషమేసింది. కాకపోతే ఆ కరెంటు నొప్పిని కాసేపు మరిపిస్తుందే గానీ కండకు బలం ఇవ్వదు. ఈ రెండో ముక్కే మా ఇంట్లో మూడు నెలల పోట్లాటకు మూలం.

మా అవ్వకు 74 ఏళ్లు. ఎమ్మిగనూరులో మగ్గం ఇల్లు మాది. ఊళ్లో మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన నేతగాళ్ల సొసైటీ పేరు చెప్పుకోని నేత ఇల్లు ఉండదు. తాత గుంట మగ్గం మీద కూర్చుంటే, అవ్వ పక్కన నేల మీద కాళ్లు చాపుకుని రాట్నం ముందు కండెలు చుట్టేది. అట్లా నలభై ఏళ్లకు పైనే. పోయిన సెప్టెంబరులో తెల్లారుజామున దొడ్డి వైపు పోతూ గడప దగ్గర పడింది. కుడి తుంటి విరిగింది. కొందరు పుత్తూరు కట్టు అన్నారు. నాయన మాత్రం కర్నూలుకే తీసుకుపోయినాడు. అక్కడ తొడ ఎముక పైన ఉండే గుండు తీసేసి లోహపు గుండు అమర్చినారు. ఆపరేషన్ బాగానే అయింది. మరుసటి రోజే వాకరు పట్టించి నాలుగడుగులు వేయించినారు కూడా. డిశ్చార్జి కాగితంలో మాత్రలకు సగం పేజీ ఉంది. అన్నిటికన్నా కింద ఒకే ఒక లైను: ఫిజియోథెరపీ చేయించవలెను. ఎన్నాళ్లు, ఎక్కడ, ఎవరు, ఏమి చేయించాలి అన్నది లేదు.

ఇంటికొచ్చినాక అవ్వను అందరూ ప్రేమగా పడుకోబెట్టినారు. ‘లేయొద్దులే అవ్వా, మేముండాము కదా’ అనేవాళ్లే అందరూ. చూడ్డానికి వచ్చిన చుట్టాలదీ అదే మాట. అమ్మ మంచం దగ్గరికే అన్నం తెచ్చి కలిపి పెట్టేది. 12 రోజులు అట్లా గడిచినాయి. ఈ ప్రేమ కండరానికి ఏం చేస్తుందో చెప్పే చిన్న అధ్యయనం ఒకటుంది. 2007లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. అమెరికాలో అరవై దాటిన ఆరోగ్యవంతులను, పదిమందికి కాస్త పైగా, 10 రోజులు మంచం మీదే ఉంచి చూసినారు. ఒక్కొక్కరి కాళ్లలో సగటున కిలోకు దగ్గరగా కండ తగ్గిపోయింది. ఏ జబ్బూ లేనివాళ్లకే ఆ గతి. ఎముక విరిగి, నెత్తురు పోయి, ముద్ద దిగని మనిషి సంగతి చెప్పాలా?

పన్నెండో రోజున అవ్వను మంచం మీద కూర్చోబెడితే కళ్లు తిరిగి వెనక్కి వాలిపోయింది.

అప్పుడు ఆదోనిలో ఉన్న మా చిన్నాయన ‘మా ఇంటికి తోలుకొస్తా’ అన్నాడు. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ముప్పై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. వాళ్ల వీధికి దగ్గర్లోనే ఒక ఫిజియో మేడం క్లినిక్ ఉంది. బెంగళూరులో నేను పనిచేసే చోట అడిగి మూడు వారాలు ఆదోని నుంచే పని చేసుకునేట్టు ఒప్పించుకున్నా. అంతకుముందు చిన్నాయన ఇంకో చోటికి తీసుకుపోయినాడు. పేరెందుకులే. అక్కడ నాలుగు రోజులు కరెంటు పెట్టి, వేడి కాపడం పెట్టి, రోజుకు 300 తీసుకుని పంపించినారు. అవ్వను కుర్చీలోంచి ఒక్కసారి కూడా లేపలేదు.

మేడం అట్లా కాదు. వయసులో నా ఈడుదే ఉంటుంది. నాలుగేళ్లు చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్, తర్వాత సొంత ఊళ్లో బోర్డు. మొదటి రోజు మిషన్ల జోలికే పోలేదు. అవ్వ పక్కన స్టూలు వేసుకుని, ‘అవ్వా, నీకేం చేసుకోవాలనుంది?’ అని అడిగింది. మేమందరం అవ్వ నీలకంఠేశ్వరస్వామి జాతర అంటుందనుకున్నాం. జనవరిలో తేరు రోజు అవ్వ వీధిలో లేకపోవడం అనేది నాకు ఊహ తెలిసినాక ఎప్పుడూ లేదు. అవ్వ మా అందరి ముఖాలూ ఒకసారి చూసి, చిన్నగా చెప్పింది.

‘దొడ్డికి నేనే పోవాల తల్లీ. ఇంకొకరు ఎత్తి కూసోబెట్టేది నాకొద్దు.’

మేడం తన పుస్తకంలో ఆ మాట రాసుకుంది. రాసుకోవడం నేను చూసినా.

ఆ రోజే ఒక పరీక్ష పెట్టింది. చేతులున్న కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి, వెనక్కొచ్చి కూర్చోవాలి. అంతే. ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. 1991లో కెనడాలో ఇద్దరు ప్రచురించిన పరీక్ష ఇది. ఖర్చు లేదు, యంత్రం లేదు. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే ఆ పెద్దాయనో పెద్దామో పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క అని అమెరికా ఆరోగ్య శాఖవాళ్లు చెప్తారు. అవ్వకు వాకరు పట్టుకుని 51 సెకన్లు పట్టింది.

సాఫ్ట్‌వేరోడికి అంకె దొరికితే ఊరుకుంటాడా? అదే రాత్రి ఒక షీట్ తెరిచినా. చిన్నాయన ఇంటి వరండాలో సుద్దముక్కతో గీత గీసినాడు. మూడు మీటర్లంటే పది అడుగులకు రెండంగుళాలు తక్కువ. నేను బెంగళూరు పోయినాక, ఇంటర్ చదివే మా చెల్లెలు ప్రతి ఆదివారం ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి అంకె వాట్సాప్‌లో పంపేది. 51, 44, 46, 37. మూడో వారంలో అంకె పెరగడం చూసి నేను కంగారుపడితే మేడం నవ్వింది. ‘నిన్న రాత్రి సరిగా పడుకోలేదంట. మనిషండీ, సర్వర్ కాదు.’

ఇంక వ్యాయామాలు. పడుకుని పాదాలు పైకీ కిందికీ ఆడించడం. మోకాలి కింద మడిచిన టవల్ పెట్టి దాన్ని అదిమి అయిదు అంకెలు లెక్కపెట్టడం. గోడ పట్టుకుని కాలు పక్కకు చాపడం. కుర్చీలోంచి చేతుల ఆసరా తగ్గించుకుంటూ లేవడం. చూడ్డానికి పిల్లలాటల్లా ఉంటాయి. కుర్చీ కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచి మొదలుపెట్టినారు, వారానికో ఇటుక తీసేస్తూ వచ్చినారు. కొత్త కీలు జారకుండా మొదటి మూడు నెలలు గొంతుక్కూర్చోకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, నేల మీద కూర్చోకూడదు. ఈ మూడూ వద్దంటే మన ఇళ్లల్లో మిగిలేదేముంది? రొట్టె తట్టేది నేల మీదే, తినేది నేల మీదే, మరుగుదొడ్డి గొంతుక్కూర్చునేదే. అందుకే కమోడు కుర్చీ కొన్నాం. అవ్వ దాన్ని చూసి ‘దీని మీద కూసుంటే రానిది కూడా రాదు’ అంది.

చేతికర్ర సంగతి కూడా అప్పుడే తెలిసింది. నొప్పి ఉన్న కాలి పక్కనే కర్ర పట్టుకోవాలనుకుంటాం అందరం. తప్పంట. కుడి తుంటికి దెబ్బయితే కర్ర ఎడమచేతిలో ఉండాలి. అప్పుడే కుడి కాలి మీద నిలబడినప్పుడు ఆ తుంటి కండరాల మీద లాగుడు తగ్గుతుంది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. మా చెల్లెలు దీన్ని గోడ మీద రాసి అంటించింది. అవ్వకు చదువు రాదు. అయినా అంటించింది.

పదో రోజు దాటినాక పోట్లాట మొదలైంది. ‘పది సిట్టింగులైనాయి కదా, ఇంక చాలు’ అని చిన్నాయన. పత్తి మార్కెట్లో లెక్కలు రాసే మనిషి, సీజను మొదలైంది, రోజూ ఆటో మాట్లాడి తీసుకుపోవడం ఆయనకు కుదరదు. గుంతకల్లు నుంచి మా అత్త ఫోను: ‘ముసలిదాన్ని ఎందుకురా ఇట్లా హింస పెడతాండారు? ఉన్నన్నాళ్లు సుఖంగా పండుకోనియ్యండి.’ నాయన ఎటూ చెప్పడు. అవ్వ అయితే నొప్పి లేచిన రోజు ‘సచ్చేదాన్ని నడిపిచ్చి ఏం చేస్తార్రా’ అని మేడం మీదే అరిచేసింది. ఇంకో మాట కూడా లోలోపల నడుస్తోంది. ఆర్నెల్లు ఆదోనిలో, ఆర్నెల్లు ఎమ్మిగనూరులో పెట్టుకుందామని అన్నదమ్ములు వంతులు మాట్లాడుకున్నారు. అవ్వ వినేట్టుగానే మాట్లాడుకున్నారు. తన పని తాను చేసుకోగలిగితే తన ఇల్లు, లేకపోతే వంతులు. 51, 44 అన్న అంకెల వెనక ఉన్నది అదే.

నేను వాళ్లకు బోస్టన్ కథ చెప్పినా. 1990లో మారియా ఫియాటరోన్ అనే డాక్టరు అక్కడి వృద్ధాశ్రమంలో సగటున 90 ఏళ్ల వయసున్న పదిమంది చేత 8 వారాలు కాళ్లకు బరువులు కట్టి ఎత్తించింది. చివరిదాకా చేసిన తొమ్మిది మందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పడేసినారు. చిన్నాయన అంతా విని, ‘వాళ్లు ఏం తింటారో, మనమేం తింటాం’ అన్నాడు. ఆ మాటలో విషయం లేకపోలేదు. మేడంను అడిగితే, కండ పెరగాలంటే పప్పు, గుడ్డు, పాలు ఉండాల్సిందే, ఉగ్గాని బజ్జీతో పెరగదు అంది. అవ్వ గుడ్డు ముట్టదు. రోజూ పప్పు, పాలు, వేయించిన శెనగలు అని లెక్క కుదిరింది. సిట్టింగుల గొడవకు కూడా మేడమే దారి చూపింది. రోజూ రానక్కర్లేదు, వారానికి రెండుసార్లు చాలు, మిగతా రోజులు ఇంట్లో చెల్లెలు చేయిస్తుంది. తన రాబడి తానే తగ్గించుకున్న మనిషిని చూసినాక చిన్నాయన ఇంక మాట్లాడలేదు.

ఆ క్లినిక్ బెంచీ మీద కూర్చుంటే మా ప్రాంతం బతుకంతా కనిపిస్తుంది. పత్తి బోరాలు మోసి భుజం జారిన హమాలీలు, మగ్గం గుంటలో కూర్చుని నడుము వంగిపోయిన నేతగాళ్లు. ఒక రోజు కోసిగి వైపు నుంచి ఒకామె వచ్చింది. నలభై కూడా ఉండవు, నడుము నిలబడదు. ‘ఎల్లుండి సుగ్గికి పోవాల, గుంటూరు పక్క మిరపకాయలకు. దానికి ముందే తగ్గేట్టు గట్టిగా కరెంటు పెట్టమ్మా’ అంది. మేడం కరెంటు పెట్టింది. వంగేటప్పుడు నడుము దగ్గర కాకుండా తుంటి దగ్గర ఎట్లా వంగాలో నేర్పింది, గంటకోసారి వెనక్కి వాలి నిలబడమంది. ఆమె తలూపింది. కోత కూలికి గంటకోసారి నిలబడే వీలు ఎవరిస్తారు? ఆ సంగతి మేడంకూ తెలుసు. అయినా నేర్పింది.

2021లో పార్లమెంటు ఒక చట్టం చేసి ఫిజియోథెరపీని కూడా జాతీయ కమిషన్ కిందికి తెచ్చింది. మిషను కొన్న ప్రతివాడూ బోర్డు కట్టే రోజులు దీంతో పోవాలి. మా పక్కకు ఆ చట్టం ఎప్పుడు నడిచొస్తుందో, అవ్వలాగా వాకరు పట్టుకునే వస్తుందేమో.

ఈ మధ్యలో నాయన భుజం కూడా బయటపడింది. షుగరున్నవాళ్లకు భుజం బిగుసుకుపోవడం ఎక్కువ. వదిలేస్తే ఒకటి నుంచి మూడేళ్లు వేధిస్తుంది. కుడిచేత్తో నాడె తాడు లాగలేక మగ్గం ఆపేసి ఎవరికీ చెప్పలేదాయన. అవ్వను చూడ్డానికి వచ్చి చొక్కా తొడుక్కోలేక తంటాలు పడుతుంటే మేడం పట్టుకుంది. ఇప్పుడు వంగి నిలబడి సగం నీళ్లున్న సీసా పట్టుకుని చేయి ఊపుతాడు, గోడ మీద వేళ్లు పాకిస్తాడు. రోజూ ఎంత ఎత్తుకు పోయినాయో పెన్సిలుతో గీత పెడతాడు. ఆయన షీట్ ఆయనది.

డిసెంబరు నెలాఖరుకు అవ్వ అంకె 19కి వచ్చింది, వాకరు లేకుండా, చేతికర్రతో. పన్నెండుకు ఇంకా చాలా దూరం. ‘జాతర జనంలోకి మాత్రం వద్దు’ అని మేడం కచ్చితంగా చెప్పింది. ఎమ్మిగనూరు ఇంట్లో దొడ్డి దాకా గోడకు ఇనుప పైపు బిగించినాం, గడప చెక్కించినాం, దారిలో రాత్రంతా వెలిగే బల్బు పెట్టినాం. పైపు, బల్బు, మేస్త్రి కూలి అంతా కలిపినా ఆపరేషన్ ఖర్చులో ఒక మూలకు రాదు. జనవరి మొదటి వారంలో అవ్వ తన ఇంటికి పోయింది. వంతుల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. రాట్నాన్ని నేల మీద నుంచి బల్ల మీదికి ఎక్కించి, ముందు కుర్చీ వేసినాం. మొదట మొహం చిట్లించింది, తర్వాత కండె చుట్టింది. నలభై ఏళ్లుగా నేల మీద తిరిగిన రాట్నం అది, ఎత్తులో చేయి ఆనడం లేదంట. బల్ల కాళ్లు రెండంగుళాలు కోయించాలి.

పోయిన వారం చిన్నమ్మ ఫోను చేసింది. మూడు నెలలు అవ్వను ఎత్తి కూర్చోబెట్టింది, స్నానం చేయించింది, రాత్రుళ్లు లేచింది ఆమే. ఇప్పుడు పొద్దున లేస్తే నడుము వంగడం లేదంట. ‘ఆయనకు చెప్తే రెండు రోజులు కరెంటు పెట్టిచ్చుకో అన్నాడప్పా’ అంది. మేడంకు నేనే ఫోను చేసి సోమవారానికి టైము తీసుకున్నా. చిన్నమ్మను కూడా ముందు అదే ప్రశ్న అడుగుతుందంట. ఏం చెప్తావు చిన్నమ్మా అంటే, ‘నన్నెవరు అడిగినారప్పా ఇంతవరకు, ఆలోచించుకోవాల’ అని ఫోను పెట్టేసింది.