కోడిపిల్లలను వెలుపలికి విడుచుట యెప్పుడు?

పెరటిలో నాలుగు కోళ్లను పెంచుకొను గృహిణికి ఇంటికి గ్రుడ్లును, చేతిఖర్చునకు కొంత సొమ్మును లభించునని మీ రెరుగుదురు. కాని తల్లిలేని పిల్లలను కొని తెచ్చి పెంచునపుడు, వానిని గదిలోనుండి పెరటిలోనికి ఎప్పుడు మార్చవలెనన్నది చిన్న ప్రశ్నగా దోచినను, వాని ప్రాణములు దానిపైననే యున్నవి. ఈ సంగతిని నేను రెండుమార్లు పొరపడి నేర్చుకొంటిని.

మొదటిమారు పుష్యమాసమున 20 వనరాజా పిల్లలను తెచ్చితిని. హైదరాబాదు రాజేంద్రనగరమందలి కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటి పెంపకమునకై సిద్ధపరచిన జాతి యిది. అట్టపెట్టెలో వరియూక పరచి, పైన విద్యుద్దీపము వ్రేలాడగట్టితిని. మూడు వారములకు రెక్కల యీకలు వచ్చి పిల్లలు పెట్టె యంచు మీది కెగురసాగెను. ఎదురింటి నాటుకోడి నాలుగునాళ్ల పిల్లలను వీధియంతయు త్రిప్పుచుండగా నా పిల్లల కేమి కొరత యని తలచి, ఒకనాటి మధ్యాహ్నము వెచ్చని యెండ చూచి వానిని పెరటి గూటిలోనికి మార్చితిని. ఆ రాత్రి మంచు దట్టముగా కురిసెను. తెల్లవారి చూతునుగదా, పిల్లలన్నియు చలికి ఒక మూలకు జేరి, ఒకదానిపై నొకటి యెక్కి యుండెను. అడుగున బడినవి ఊపిరాడక 6 చనిపోయెను. మా చిన్నపిల్ల ఒకదానిని చేతిలోనికి తీసికొని, "అమ్మా, వీటికి దుప్పటి కప్పలేదేం?" అని యడిగినపుడు నాకు మాట రాలేదు.

ఎదురింటి అవ్వ వచ్చి చూచి, "అమ్మాయీ! నా పిల్లల వెంట తల్లి రెక్క నడుస్తుంది. నీ పిల్లల వెంట ఏం నడుస్తుంది?" అన్నది. అంతటి పాఠమును నేను చదివిన గ్రంథములలో నెచ్చటను చూడలేదు. తల్లిగల పిల్ల చలివేసినపుడెల్ల ఆ రెక్కక్రింద దూరి కాచుకొని మరల మేతకు వచ్చును. తల్లిలేని దానికి తన యీకలే తల్లిరెక్క. పుట్టినప్పటి నూగు చలిని ఆపజాలదు.

రెండవమారు భయముచేత 9 వారములు గదిలోనే యుంచితిని. చోటు చాలక ఊక తడిసి, ఆ ఘాటునకు నా కన్నులే మండెను. పిల్లలు ఒకదాని వీపు నొకటి నెత్తురు వచ్చునట్లు పొడుచుకొనెను. మావారు చూచి, "కాపాడుచున్నావా, చెరబెట్టితివా?" యని నవ్విరి. నవ్వులాటకన్నను మాట నిజమే.

మూడవమారు, పెద్దలు దానవిషయమున జెప్పిన దేశకాలపాత్రముల విచారమునే దీనికిని అన్వయించుకొంటిని.

పాత్రమనగా పిల్ల. మొదటివారము దీపముక్రింద సుమారు 35 డిగ్రీల వేడి యుండవలెను. పిదప వారమునకు 3 డిగ్రీల చొప్పున తగ్గింపవలెను. పిల్లలు దీపముక్రింద గుంపుగూడిన చలి యని, నోరు తెరచి దూరముగా జరిగిన వేడి యని, అంతటను తిరుగుచు మేసిన సరిపోయినదని గ్రహింపవచ్చును. 5, 6 వారములకు వీపును రొమ్మును ఈకలు కప్పును. దీపము లేకయే వరుసగా నాలుగైదు రాత్రులు గుంపుగూడక నిద్రించినచో అవి వెలుపలికి పోదగినవి.

కాలమన్నచో, చలిదినములలో 6 వారములు నిండవలసినదే. వానదినములలో తడియే చలికన్న చెరుపు. వేసవిలో కొంత ముందుగా విడువవచ్చును గాని, అప్పుడు ఎండయే చంపును గనుక నీడయు నీరును తప్పవు. ఏ ఋతువునందైనను ఒక్కసారిగా మార్చరాదు. నాలుగవ వారమునుండి వాతావరణము మంచిగానున్న దినమున గంపక్రింద ఒక గంటసేపు పెరటిలో నుంచి, దినదినమును ఆ సమయమును పెంచవలెను.

దేశమనగా చోటు. నేల పొడిగా నుండవలెను. గూటికి పిల్లియు ముంగిసయు దూరలేని యినుపవల యుండవలెను. పెద్దకోళ్లతో వెంటనే కలుపరాదు. కొక్కెర తెగులు మున్నగువాని టీకాలను పశువైద్యుని యడిగి ముందే వేయింపవలెను.

ఇట్లు చేసి, ఏడవవారము మొదటినాటి యుదయమున తలుపు తెరచితిని. పిల్లలు గడపకడ నిలిచి వెలుగును చూచెను. కొంతసేపటికి ఒకటి దిగెను; తక్కినవి దాని వెంట దిగెను. పగలు గద్దనీడ ఒకటి పెరటిమీదుగా పోగా అన్నియు మందారపుపొద క్రిందికి పరుగిడెను. నా గుండె మాత్రము కొంతసేపు కుదుటబడలేదు.

చీకటి పడువేళ గూటిలోనికి తోలి, చిన్నపిల్లయు నేనును లెక్కపెట్టితిమి. 20 ఉన్నవి. అది నమ్మక మరల లెక్కపెట్టినది. ఆ రాత్రి దీపము వెలిగింపలేదు. కాని నేను రెండుమార్లు లేచి చూచి వచ్చితిని.