అమ్మకు గుర్తున్న వాసన

తెలుగులో వాసన అన్న మాటకు రెండర్థాలు. ఒకటి ముక్కుకు తెలిసేది. రెండోది 'పూర్వజన్మ వాసన' అన్నప్పటిది. గడిచిపోయిన అనుభవం మనసు మీద వదిలివెళ్ళిన ముద్ర. బాల్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండూ ఒకటైపోతాయి.

దీనికి శరీరంలోనే కారణం ఉంది. చూపూ, వినికిడీ థాలమస్ అనే మజిలీ దాటి మెదడు పైపొరకు చేరతాయి. వాసన ఆ మజిలీతో పనిలేకుండా ఉద్వేగాలకూ జ్ఞాపకాలకూ నెలవైన భాగాలను అందుకుంటుంది. స్వీడన్ పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మాటలూ బొమ్మలూ వృద్ధులకు పదేళ్ళు దాటిన వయసును ఎక్కువగా గుర్తుచేస్తే, వాసనలు పదేళ్ళలోపు బాల్యాన్ని గుర్తుచేశాయి.

నా పదేళ్ళలోపు జీవితం గన్నవరంలో గడిచింది. నాన్నంటే పాండ్స్ పౌడరు, ఇస్త్రీ చొక్కా, సిగరెట్, బెజవాడ బస్సు డీజిలు. అమ్మంటే ఇంగువ తిరగమోత, పేడ కళ్ళాపి, కుంకుడు రసం, ఎండాకాలం వస్తే ఆవపిండీ నువ్వులనూనే. నాన్నవన్నీ డబ్బిచ్చి కొన్నవి, లేదా బయటి ప్రపంచం నుంచి అంటించుకొచ్చినవి. అమ్మవన్నీ పనివి. 'అమ్మ వాసన' అని మనం మురిసిపోయేది చాలావరకు జీతంలేని చాకిరీ వాసన.

ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన 'నీలిమేఘాలు'లో విమల 'వంటిల్లు' కవిత చదివిన వాళ్ళకి ఇది కొత్త కాదు. చిన్ననాటి వంటింటి మురిపెంతో మొదలయ్యే ఆ కవిత, అలాంటి వంటిళ్ళే వద్దనేదాకా వెళ్తుంది. జూపాక సుభద్ర 'కొంగు' చదివాక ఇంకో ప్రశ్న వచ్చింది. అక్కడ కొంగు సిగ్గుకు కాపలా కాదు, శ్రమలో చేదోడు. మా కొట్టం ఊడ్చే ఆమె పెరటి గుమ్మం దగ్గరే ఆగిపోయేది. ఆమె కొంగుకున్నదీ, మా వాకిట్లో కళ్ళాపిదీ ఒకే పేడ వాసన. వాకిట్లో అది శుభ్రం, ఆమె దగ్గర అంటు. ఆమె కూతురికి మాత్రం అదే అమ్మ.

2021లో కరోనా రెండో విడత అమ్మ ముక్కును మొద్దుబరిచింది. నెలలు గడిచినా వాసన తిరిగి రాలేదు. పోపు మాడుతోందో లేదో రంగు చూసి, చిటపటలు విని తెలుసుకునేది. కూరల్లో మునుపటి రుచి లేదని ఇల్లంతా దిగులుపడింది. అమ్మ దిగులు వేరు.

"వంట వాసన పోతే పోయిందిలేవే, నలభై ఏళ్ళు పీల్చాను. కొత్త పుస్తకాల వాసనొక్కటీ తెలిస్తే బావుండును" అంది.

ఎనిమిదో తరగతితో అమ్మను బడి మాన్పించారు. అంతవరకూ ఏటా జూన్‌లో పుస్తకాలకు అట్టలు వేసేముందు ఒక్కొక్కటీ తెరిచి మొహానికి ఆనించుకునేదట. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన కూతురి ఇంట్లో పుస్తకాల బీరువా ముందు ఆమె ఎందుకంతసేపు నిలబడేదో ఆ మాటతో తెలిసింది.

అమ్మలు మనకు ఏ వాసనగా గుర్తున్నారో చాలా రాసుకున్నాం. వాళ్ళకు ఏ వాసనలు ఇష్టమయ్యాయో, వాటిలో వేటిని వాళ్ళ దగ్గర్నుంచి లాగేసుకున్నారో రాయవలసి ఉంది. ఆ చరిత్ర ఏ గ్రంథాలయంలోనూ దొరకదు. వాళ్ళుండగానే, వాళ్ళ పక్కన కూర్చుని అడిగి రాసుకోవాలి.