నీరటికాడు లేని చెరువు

మొన్న బతుకమ్మ పండక్కి వరంగల్ వెళ్తే చిన్నప్పటి స్నేహితుడొకడు పట్టుకున్నాడు. వాడిది హన్మకొండలో స్కానింగ్ సెంటరు. "నలభై టెరాబైట్ల డబ్బా కొంటున్న రా, లినక్స్ ఏస్తరట. ఫైల్‌సిస్టం ఏది పెట్టాలె?" అన్నాడు. సాఫ్ట్‌వేరు వాడికి అన్నీ తెలుస్తాయని మనవాళ్ళ గట్టి నమ్మకం. ప్రింటరు మొరాయించినా మనల్నే పిలుస్తారు కదా :)

నేను వెంటనే జవాబు చెప్పలేదు. కారణం, 2009లో ఒక రాత్రి.

అప్పట్లో హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో నైట్ షిఫ్టు చేసేవాణ్ణి. తొమ్మిది టెరాబైట్ల వాల్యూము, ఈఎక్స్‌టీ3. కెర్నెల్ ప్యాచ్ వేసి, రాత్రి ఒంటిగంటన్నరకి రీబూట్ కొట్టాను. పొద్దున్నే రైలెక్కాలి, ఇంటి దగ్గర నాయనమ్మ సంవత్సరీకం. స్క్రీను మీద ఒక లైను వచ్చింది: ఈ డిస్కు చెక్ చేసి 180 రోజులు దాటింది, ఇప్పుడు చెయ్యక తప్పదు అని. అంతే, ఎఫ్‌ఎస్‌సీకే మొదలైంది. మధ్యలో ఆపడానికి ధైర్యం చాల్లేదు. మేనేజరు అరగంటకోసారి ఫోను, "ఇంకెంత సేపు?" అని. నాకేం తెలుసు? అది ముగిసేసరికి మర్నాడు సాయంత్రం నాలుగు. దొరికిన తప్పులు సున్నా! ట్యూన్‌టూఎఫ్‌ఎస్‌తో ఒక్క కమాండు కొట్టి ఉంటే ఆ గడువు ఎత్తేసేవాణ్ణి. ఆ సంగతి నాకప్పుడు తెలీదు. సంవత్సరీకం నేను లేకుండానే జరిగిపోయింది. అమ్మ ఏమీ అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

సరే, అసలు విషయానికొద్దాం. సైజు పట్టకపోవడమనే సమస్య ఇప్పుడు లేదు. ఈఎక్స్‌టీ3 పదహారు టెరాబైట్ల దగ్గర ఆగిపోయేది. 2008లో వచ్చిన ఈఎక్స్‌టీ4 ఆ గోడ దాటింది, చెకింగు కూడా వాడని భాగాల్ని వదిలేసి త్వరగా ముగిస్తుంది. కానీ ఎన్ని ఐనోడ్లు ఉండాలో ఫార్మాట్ చేసేటప్పుడే తేల్చుకోవాలి. చిట్టి ఫైళ్ళు కోట్లలో పడితే, జాగా ఉండి కూడా "జాగా లేదు" అంటుంది.

ఎక్స్‌ఎఫ్‌ఎస్ 1990లలో ఎస్‌జీఐ వాళ్ళు పెద్ద ఫైళ్ళ కోసమే రాసుకున్నది. రెడ్‌హ్యాట్ 2014లో ఏడో వెర్షన్ నుంచి దాన్నే డిఫాల్టు చేసింది. ఐనోడ్లు అవసరమైనప్పుడల్లా పుట్టిస్తుంది. బూట్‌లో దాని ఎఫ్‌ఎస్‌సీకే ఏమీ చెయ్యకుండా తిరిగొచ్చేస్తుంది! నా బోటి వాడికి అది వరం. నిజంగా చెడితే రిపేరు విడిగా నడపాలి, దానికి ర్యామ్ బాగా కావాలి. ఇంకోటి, దీన్ని పెంచుకోవచ్చు గానీ కుదించుకోవడం కుదరదనే అనుకోవాలి. కరెంటు పోతే ఫైళ్ళలో సున్నాలు మిగులుతాయన్న చెడ్డపేరు పాతకాలపుది, అది ఎప్పుడో సరిచేశారు. అయినా మన ఊళ్ళో యూపీఎస్ మానకండి.

జెడ్‌ఎఫ్‌ఎస్ సంగతి వేరు. డేటాకే చెక్‌సమ్ వేస్తుంది. డిస్కు గుట్టుగా ఒక బిట్టు మార్చేసినా పట్టుకుంటుంది, రెండో కాపీ ఉంటే సరిచేస్తుంది కూడా. మిగతా రెండూ తమ లెక్కల పుస్తకానికే చెక్‌సమ్ వేస్తాయి, లోపలి బొమ్మకి కాదు. రోగి తల స్కాను దాచే చోట ఇది చిన్న విషయం కాదు. అయితే లైసెన్సు పేచీ వల్ల అది కెర్నెల్‌లో భాగం కాదు, కెర్నెల్ మార్చినప్పుడల్లా మాడ్యూలు కలిసిందో లేదో చూసుకునే మనిషి కావాలి.

ఇక్కడే ఆగిపోయాను. రాత్రి మా మామయ్య దగ్గర ఈ గోలంతా వెళ్ళబోసుకున్నా. ఆయనది నర్సంపేట వైపు, పాఖాల కింద వ్యవసాయం. గణపతిదేవుడి కాలం నాటి చెరువు, ఇంకా నీళ్ళిస్తోంది. అంతా విని, "అల్లుడూ, చెరువు ఎంత పెద్దగున్నదని కాదు. వాన దంచుతుంటే అర్ధరాత్రి తూము కాడికి పోయే నీరటికాడు ఎవడని చూడాలె" అన్నాడు.

పొద్దున్నే వెళ్ళి స్నేహితుణ్ణి అడిగా, "నీ సర్వరు చూసేదెవరు?" అని. పార్ట్‌టైమ్ కుర్రాడట. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ తెలుసు, జెడ్‌ఎఫ్‌ఎస్ పేరు విన్నాడు. అందుకని ఎక్స్‌ఎఫ్‌ఎస్ పెట్టమన్నా. కింద రెయిడ్, ప్రతి స్కానుకీ వచ్చినప్పుడే చెక్‌సమ్ రాసి దాచే చిన్న స్క్రిప్టు, నెలకోసారి సరిపోల్చడం, వేరే బిల్డింగులో రెండో కాపీ. రెయిడ్ బ్యాకప్ కాదని మూడుసార్లు చెప్పా. ఆ కుర్రాడు జెడ్‌ఎఫ్‌ఎస్ నేర్చుకున్న రోజు మార్చుకోవచ్చు.

వాడు రెండో కాపీకి అయ్యే ఖర్చు విని మొహం చిట్లించాడు. నేను మాత్రం అక్కడ మెట్టు దిగలేదు. వచ్చేముందు కుర్రాడి చేత ఉత్తుత్తి రిపేరొకటి చేయించి, ఎంతసేపు పట్టిందో గోడ మీద రాయించా. రేపెప్పుడో ఎవరో "ఇంకెంత సేపు?" అని ఫోను చేస్తే, వాడి దగ్గర జవాబుండాలి కదా.